అదిరే బల్బు కింద ఇద్దరు బావలు

సబ్‌స్టేషన్ యార్డులో ఎర్తింగ్ రాడ్డు మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇక్కడ రాయబోయే ప్రతి మాటా నిజం. దేవుడి మీద ఒట్టేస్తే తర్వాత ఆయన్ని బతిమాలుకోవచ్చు, కొబ్బరికాయతో పని జరిగిపోవచ్చు. ముప్పై మూడు వేల ఓల్టులతో అలాంటి ఒప్పందాలు కుదరవు. కాబట్టి నమ్మండి.

నన్ను ఎరిగినవాళ్లు ఈపాటికే నవ్వుతూ ఉంటారు. "వాడు చెప్పిన దాంట్లో సగం తీసెయ్, మిగిలిన సగం ఇంకెవరినైనా అడుగు" అనేవారు మా డివిజన్‌లో. అందులో న్యాయం లేకపోలేదు. యార్డులో ఒక కాకి రోజూ నా దగ్గర హాజరు వేయించుకుని తీగ మీద కూర్చునేదని నేను చెప్పిన మాట వాస్తవమే. కాకి వాస్తవం కాదు. కానీ ఇది వేరు. ఇది మా బావగారి సంగతి.

కొత్తగా డ్యూటీలో చేరిన తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీ కంట్రోల్ రూముల్లో ఇప్పుడు ఏసీలున్నాయి, తెర మీద రంగురంగుల గీతలున్నాయి. మాకు ఒక బల్బు ఉండేది.

నాది నల్లగొండ పక్క పల్లె. కొత్తపేటలో కిరాయి ఇంట్లో ఉంటూ, ఎల్‌బీ నగర్ దాటాక విజయవాడ రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న సబ్‌స్టేషన్‌లో ఆపరేటరుగా చేసేవాణ్ణి. నా వయసు ఇంకా మధ్యలోనే ఉంది. మోకాళ్లు మాత్రం ముందే రిటైరయ్యాయి. వాటిని ఒంటరిగా పంపడం ఇష్టం లేక నేనూ తొందరగానే ఉద్యోగం వదిలేశాను.

బావగారు మా సబ్ ఇంజనీరు. కృష్ణా జిల్లా నుంచి కుర్రతనంలో ఉద్యోగానికి వచ్చి, ఎల్‌బీ నగర్ వెనక సందుల్లో రెండు గదుల ఇల్లు కట్టుకుని ఇక్కడే ఉండిపోయిన మనిషి. మాకు ఏ చుట్టరికమూ లేదు. నేను చేరిన రోజు మధ్యాహ్నం ఆయన నా టిఫిన్ డబ్బాలోకి తొంగి చూశాడు.

"ఏంటండీ ఇది? చారు కాచడం మర్చిపోయారా ఇంట్లో?"

"పచ్చిపులుసు సార్ అది. మీ దిక్కు అన్నీ ఉడకబెట్టుకుంటరు, మాకు గంత ఓపిక లేదు బావగారూ."

"బావగారా? ఎప్పుడయ్యాను?"

"మా ఇంటి వంటకు వంక పెట్టినోడు మా ఇంటి అల్లుడే. గంతే లెక్క."

ఆయన ఒక గలాసు తాగాడు. మొహం చిట్లించాడు. ఇంకో గలాసు అడిగాడు. ఆ సాయంత్రం నుంచి నన్ను 'బావా' అనడం మొదలుపెట్టాడు. ఆ వరసలో ఉన్న సుఖం మీకు తెలుసు కదా. ఎంత మాటైనా అనుకోవచ్చు, ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు.

ఆయనకు ఒక అలవాటుండేది. చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో నాటకాలకు డోలక్ వాయించేవాడట. డోలక్ పోయింది గానీ వేళ్లు ఊరుకోలేదు. బల్ల, కుర్చీ చెయ్యి, టిఫిన్ డబ్బా, నా భుజం, ఏది దొరికితే దాని మీద దరువు వేసేవాడు. ఆయన వేళ్లు ఆగిపోయి నేను చూసింది ఒకే ఒక్కసారి. ఆ సంగతి చివర్లో.

ఇప్పుడు ఫర్నేసు గురించి చెప్పాలి.

మా సబ్‌స్టేషన్ నుంచి ఒక లైను ఇనుము కరిగించే ఫ్యాక్టరీకి వెళ్లేది. వాళ్లది ఆర్క్ ఫర్నేసు. పెద్ద గుండిగలో తుక్కు ఇనుము నింపుతారు. పైనుంచి మనిషి తొడంత లావున్న మూడు గ్రాఫైటు కడ్డీలు దిగుతాయి. కడ్డీకీ తుక్కుకీ మధ్య మెరుపు పుడుతుంది. ఆ వేడికి తుక్కు కరిగి కూలుతుంది, మెరుపు తెగుతుంది, ఇంకో ముక్క అడ్డుపడితే మళ్లీ అంటుకుంటుంది. అంటే కరెంటును ఒక్క తీరుగా లాగదు, కొరికి కొరికి లాగుతుంది. మీ గల్లీలో ఒకడు నల్లాకు మోటారు పెట్టి గుంజితే మిగతా ఇళ్లల్లో ధార సన్నబడుతుంది కదా. వాడు ఆ మోటారును క్షణానికోసారి వేస్తూ ఆర్పుతూ ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. పక్కింటి వాళ్ల బిందె నిండదు, పిచ్చి పడుతుంది. ఇదీ అంతే, కాకపోతే నీళ్లకు బదులు వెలుతురు.

ఓల్టు మీటరును అడిగితే ఏమీ తెలియదంటుంది. మీటరు ముల్లు నిదానస్థుడు. కిందికి దిగుదామనుకునే లోపు ఓల్టేజీ మళ్లీ పైకి వచ్చేసి ఉంటుంది. పట్టుకునేది మనిషి కన్నే. కన్ను అదిరినట్టు బల్బు అదురుతుంది. కుడి కన్నదిరితే మంచిదంటారు మగాళ్లకు. బల్బుకు ఉన్నది ఒక్కటే కన్ను, అది కుడో ఎడమో మాకు తేలలేదు.

మా ఆఫీసు వరండాలో తలుపు పక్కన స్విచ్ బోర్డు, దాని పైన వంద వాట్ల గుండు బల్బు. సాయంత్రం కాగానే బావగారు దాని కింద కుర్చీ వేసుకునేవాడు. మొదట తుక్కు చల్లగా ఉన్నప్పుడు బల్బు కోడిపిల్లలా కొట్టుకునేది. ఇనుము కరిగి నీరయ్యే కొద్దీ నెమ్మదించేది. కొత్త తుక్కు పడగానే మళ్లీ మొదలు. ఆయన బల్బును చూస్తూ, ఎడమ చేత్తో స్విచ్ బోర్డు చెక్క మీద ఆ అదురుకు తగ్గట్టు దరువు వేసేవాడు. వేస్తూ వేస్తూ ఉన్నట్టుండి అనేవాడు:

"సైకిళ్లు బావా."

"ఏంది?"

"ఫర్నేసులో పడింది సైకిళ్లు. చూడు, చిన్న చిన్నగా, వరసగా కొట్టుకుంటోంది. బస్సు పడితే ఇలా ఉండదు. బస్సు పడితే ఒక్కసారి కళ్లు తేలేసి, ఆగి, మళ్లీ తేలేస్తుంది."

నేను నమ్మలేదు. ఫర్నేసులో షిఫ్టు చూసే ఒకతనికి ఫోను చేసి అడిగాను. "సైకిళ్లే అన్నా, నీకెట్ల తెలుసు?" అన్నాడు. ఇంకో రోజు "మంచం స్ప్రింగులు" అన్నాడు బావగారు. స్ప్రింగులే. ఒక రోజు చాలాసేపు బల్బును చూసి, వేళ్లు నెమ్మదిగా ఆడించి, "కుట్టుమిషన్లు. పాపం, ఏ దర్జీవో" అన్నాడు. నేను ఫోను చెయ్యలేదు. కుట్టుమిషన్లే అయి ఉంటాయని నాకు తెలుసు.

ఇది అబద్ధమనుకుంటున్నారు. పైన ప్రమాణం మళ్లీ చదువుకోండి.

మామూలు రోజుల్లో ఈ అదురు మా సబ్‌స్టేషన్ వరకే. ఎందుకంటే మాకు రెండు ట్రాన్స్‌ఫార్మర్లుండేవి. ఒకటి ఫర్నేసు లైనుకూ మా ఆఫీసుకూ, ఒకటి కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్ వైపు కాలనీలకు. రెండింటినీ కలిపే స్విచ్చు ఒకటి మధ్యలో ఉంటుంది, బస్ కప్లర్ అంటాం. దాన్ని విడదీసే ఉంచేవాళ్లం. ఎవరి కాపురం వారిది. ఒక ఎండాకాలం కాలనీల ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి రిపేరుకు పోయింది. జనాన్ని చీకట్లో ఉంచలేం కాబట్టి పైనుంచి ఆర్డరు వచ్చింది, కప్లర్ కలిపి అందరినీ ఒక్క ట్రాన్స్‌ఫార్మర్ మీదే నడపమని. కలిపాం. దాంతో ఫర్నేసు కన్నదురు కొత్తపేట ఇళ్లల్లోకి నడిచి వచ్చింది.

ఇళ్లల్లో ఏం జరిగిందో ఏం చెప్పమంటారు? దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో గ్రూప్సుకు చదివే పిల్లలు ఒకే లైను మూడుసార్లు చదివి మూడు వేర్వేరు జవాబులు రాశారు. మా సందు మంగలాయన సాయంత్రం గడ్డాలు మానేశాడు, "చెంప ఎక్కడుందో చెవి ఎక్కడుందో తెలుస్తలేదు" అని. పండ్ల మార్కెట్లో బత్తాయిలు కొనేవాళ్లకు కాయలు తమను చూసి కన్ను కొట్టినట్టనిపించేది.

నవ్వు రానిది ఒకావిడకే. మా సందు చివర బ్లౌజుల మీద జరీ పని చేసే అక్క. పెళ్లిళ్ల బ్లౌజులు. సన్నటి సూది, సన్నటి పూస. పగలు కస్టమర్లతోనే సరిపోయేది, అసలు పని సాయంత్రం. వెలుతురు అదిరినప్పుడల్లా సూది వేలికి దిగేది. తలనొప్పి, కళ్ల నీళ్లు. ఆమె ఊరుకునే మనిషి కాదు. ఉద్యమంలో మా కాలనీ ఆడవాళ్లందరికీ ముందు నడిచేది ఆమే.

ఉద్యమం రోజులు కదా అవి. నేనూ జెండా పట్టినవాణ్ణే, టెంటు కింద కూర్చున్నవాణ్ణే. అది ఇవాళ్టికీ నాకు గర్వమే. టెంటు నుంచి నేరుగా డ్యూటీకి వస్తే బావగారు అడిగేవాడు: "రాష్ట్రం వచ్చాక నాకు వీసా ఇప్పిస్తావా బావా?"

"పచ్చిపులుసు తాగెటోళ్లకు వీసా అక్కర్లే."

నవ్వుకునేవాళ్లం. ఆ నవ్వు కింద ఏముందో ఇద్దరం తవ్వి చూసుకోలేదు.

ఒక సాయంత్రం అక్క, కాలనీ నుంచి ఇంకొంతమంది కంప్లైంటు చెప్పడానికి సబ్‌స్టేషన్‌కు వచ్చారు. గేటు దగ్గరే ఆగిపోయారు. ఎదురుగా వరండాలో బావగారు. పైన బల్బు. ఎడమ చెయ్యి స్విచ్ బోర్డు మీద. వేళ్లు ఆడుతున్నాయి, బల్బు అదురుతోంది. వేళ్లు వేగం పెంచాయి, బల్బు వేగం పెంచింది. మొహంలో పాట వింటున్నవాడి పరవశం.

"దొరికిండు!" అని అరిచింది అక్క.

బావగారు ఉలిక్కిపడి చెయ్యి తీశాడు. పాపిష్టి ఫర్నేసు సరిగ్గా ఆ క్షణంలోనే ఆగింది. బల్బు నిలబడింది.

"చూసిన్రా? చెయ్యి దీస్తే ఆగింది! కూసున్న కాడికెళ్లి మా లైట్లు ఆడిస్తుండు! ఏం పాపం చేసినం సారూ మీకు? మా కండ్లు పోవాల్నా?"

"అయ్యో, అదేం లేదమ్మా, అది ఫర్నేసు..."

"ఏ ఫర్నేసు? గా వేళ్లు ఎవరియి? ఫర్నేసుయా?"

నేను అడ్డం పోయాను. "అక్కా, జర ఇను. సారుకు డోలక్ అలవాటు..."

"నువ్వు ఊకో తమ్మీ. నీ ముచ్చట్లు మా సందుల కుక్కలు గూడ నమ్మవు."

ఇన్నేళ్ల కథలకు నాకు దొరికిన ఫలితం అది. నిజం చెప్పే అవసరం వచ్చిన రోజున నా దగ్గర నమ్మకం లేదు.

మర్నాటికి ఆ మాట కాలనీలన్నీ తిరిగింది. ఆంధ్రా సారు మన లైట్లతో ఆడుకుంటున్నాడు. ఆయన్ని తీసెయ్యాలి. పై అధికారి మా ఇద్దరినీ పిలిచాడు. ఆయనకు ఫర్నేసు సంగతి మాకంటే బాగా తెలుసు.

"ట్రాన్స్‌ఫార్మర్ వచ్చేదాకా నేను చేయగలిగింది లేదు. ఇప్పుడు నేను జనానికి ఆర్క్ గురించి క్లాసు చెబితే వింటారా? ఎవరైనా రాయి విసిరితే తగిలేది నీకే," అన్నాడు బావగారితో. "మీ జిల్లా వైపు బదిలీ రాయిస్తాను. గౌరవంగా వెళ్లు."

బావగారు నేల చూశాడు. "నాకు వేరే జిల్లా లేదు సార్. నా ఇల్లు ఎల్‌బీ నగర్‌లో ఉంది. ఈ సబ్‌స్టేషన్లోనే రిటైరవుదామనుకున్నాను."

నా నోరు ఊరుకోదు కదా. "సార్, వచ్చే బందు దాక ఆగుండ్రి," అన్నాను. బందు నాడు తుక్కు లారీలు తిరగవు, ఫర్నేసు నడవదు. ఆ సాయంత్రం బల్బులు అదరకపోతే తప్పు ఎవరిదో లోకానికి తెలుస్తుంది. జరీ అక్కే తీర్పు చెప్పాలి. అధికారి ఒప్పుకున్నాడు. అక్క కూడా ఒప్పుకుంది. "ఎవరు చేస్తున్నా పట్టువడాలె," అంది.

బందు వచ్చింది. నేను కొత్తపేట నుంచి నడుచుకుంటూ డ్యూటీకి పోయాను, టెంటు మనిషినని దారిలో నన్నెవరూ ఆపలేదు. సందె వేళ అక్క నుంచి ఫోను.

"తమ్మీ, లైటు బొమ్మ లెక్క నిలబడ్డదిరా! ఒక్కసారి గూడ కొట్టుకుంటలేదు."

"చెప్పిన్నా అక్కా? ఫర్నేసు బందు!"

"గది సరే. మీ సారు ఇయ్యాల డ్యూటీకి వచ్చిండా?"

నేను ఖాళీ కుర్చీ వైపు చూశాను. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో రోడ్డు బందుంటే బావగారు దాటలేక వెనక్కి పోయాడు.

"రాలే అక్కా."

"గదీ సంగతి! సారు రాలే, లైటు ఆడలే!"

ఫోను పెట్టేసింది. ప్రయోగం చెయ్యడం వేరు, సరిగ్గా చెయ్యడం వేరని నేను ఆ సాయంత్రం తెలుసుకున్నాను. ఈ ముక్క మీరు కాగితం మీద రాసుకున్నా నష్టం లేదు.

మర్నాడు ఈ మాట చెబితే బావగారు కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వాడు. నవ్వి, జేబురుమాలుతో కళ్లు తుడుచుకుని, మామూలు గొంతుతో అడిగాడు: "నిజంగానే అలా అనుకుంటున్నారా బావా వాళ్లు?"

నా దగ్గర కథ లేని సందర్భం నాకు గుర్తున్నంతలో అదొక్కటే.

బందులు అప్పట్లో బస్సుల్లాగా ఒకటి పోతే ఇంకొకటి వచ్చేవి. రెండోసారి నేనే పొద్దున్నే బావగారింటికి పోయాను. ఆయన భార్య గుమ్మంలో నిలబడి, "జాగ్రత్తగా తీసుకెళ్లండి అన్నయ్యగారూ," అంది. ఇద్దరం నడిచాం. చౌరస్తాలో రోడ్డు మధ్య పెద్ద పెద్ద గుండిగలు, కట్టెల పొయ్యిలు. రోడ్డు మీదే వంటలు, అక్కడే తిండి. గంటె పట్టుకుని అక్క.

ఇద్దరు కుర్రాళ్లు అడ్డం వచ్చారు. "యాడికి? బందు నాడు డ్యూటీ ఏంది?"

"దవాఖానలకు కరెంటు మీ తాత ఇస్తడా?" వెనక నుంచి అక్క కేక. "జరుగుండ్రి." తర్వాత నన్ను చూసింది, బావగారిని చూసింది. "ఎవరిని తోల్కొస్తున్నవ్ తమ్మీ?"

"నీ దొంగను అక్కా. ఇయ్యాల తప్పిపోకుంట పట్టుకొచ్చిన. నువ్వే కావలుండాలె."

బావగారు నా వైపు చూసిన చూపు బావ చూపు కాదు. నేను కోతి చేష్టలా అన్నాను, ఆయనకు ఎక్కడో తగిలింది. అక్క వైపు తిరిగాడు. "అమ్మా, సాయంత్రం దాకా మీ ఎదురుగానే కూర్చుంటాను. నా చేతులు మీరే చూడండి," అన్నాడు.

"కూసుందురు గానీ, ముందుగాల బువ్వ తినుండ్రి. మా కాడికి వచ్చి పస్తులు పోతే మాకు మంచిది గాదు."

విస్తరాకు వేసింది. అన్నం, పప్పు. ఆయన పక్క గిన్నె వైపు చూశాడు.

"అది పచ్చిపులుసేనా అమ్మా? గలాసులో పొయ్యండి."

అక్క గంటె గాల్లో ఆగింది. "సారూ, గలాసులనా? గట్ల మావోళ్లే తాగుతరు."

"నాకిలా తాగడం నేర్పింది ఈ దొంగ బావే."

రెండు గలాసులు తాగాడు. ఆడవాళ్లు నోళ్లు నొక్కుకుని నవ్వారు.

పొద్దు వాలాక అక్క ఇంకో ఇద్దరు ఆడవాళ్లను వెంటబెట్టుకుని మాతో సబ్‌స్టేషన్‌కు వచ్చింది. బావగారు కుర్చీ వేసుకున్నాడు. బల్బు వేశాను. వెలిగింది, కదల్లేదు. అంత నిశ్చలంగా ఆ బల్బును చూసి ఎన్నాళ్లయిందో! కాసేపటికి ఆయన వేళ్లు తెలియకుండానే చెక్క మీదికి పోయాయి. చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.

"తియ్యకుండ్రి సారూ," అంది అక్క. "కొట్టుండ్రి. చూద్దాం."

ఆయన మెల్లగా మొదలుపెట్టాడు. బల్బు కదల్లేదు.

"గట్టిగ కొట్టుండ్రి!"

ఇక రెండు చేతులూ వేశాడు. ఆ చెక్క మీద, ఆ పాత స్విచ్చుల పక్కన, వాళ్ల ఊరి నాటకాల డోలక్ మొత్తం దిగింది. ఎన్నేళ్ల నుంచి దాచుకున్నాడో. ఆడవాళ్లు ఊరుకోలేక చప్పట్లు కలిపారు. బతుకమ్మ చుట్టూ వేసే చప్పట్లు. కృష్ణా జిల్లా దరువుకు మా చప్పట్లు ఎట్లా సరిపోయాయో నాకు తెలియదు, సరిపోయాయి. బల్బు మాత్రం చెవిటిదానిలా వెలుగుతూనే ఉంది.

అక్క ఆయాసపడుతూ గట్టు మీద కూర్చుంది. నేను అందరికీ చాయ్ పోశాను. బావగారు వేడి గలాసును రెండు చేతుల మధ్య పెట్టుకుని ఊదుకుంటున్నాడు. అప్పుడు, బందు ముగిసిందో లేదో, తుక్కు నింపుకుని కాచుకున్న ఫర్నేసు కడ్డీలు దించింది. బల్బు ఒక్కసారి కళ్లు తేలేసింది. ఆగింది. మళ్లీ తేలేసింది.

"బస్సు బావా," అన్నాడు ఆయన గలాసులోకి చూస్తూనే. "పాత ఎర్ర బస్సు."

అక్క బల్బును చూసింది. గలాసు చుట్టూ ఉన్న ఆయన చేతులను చూసింది. మళ్లీ బల్బును చూసింది.

"గిన్ని దినాలు ఎందుకు చెప్పలే సారూ?"

"చెప్పానమ్మా. మీరు చేతులు చూశారు, మాట వినలేదు."

ఆమె తల దించుకుంది. ఇద్దరూ మంచివాళ్లే కావడంతో నేను ఎవరి పక్షాన కోపం తెచ్చుకోవాలో తేల్చుకోలేకపోయాను.

అక్క తిరిగి కాలనీలోకి పోయి ఇంటింటికీ చెప్పింది. అధికారి బదిలీ మాట వదిలేశాడు. కొన్నాళ్లకు రిపేరైన ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది. కప్లర్‌ను బావగారే తన చేత్తో విడదీశాడు. ఫర్నేసు ఒకవైపు, కాలనీలు ఒకవైపు. మా ఆఫీసు కనెక్షన్ కూడా కాలనీల వైపే మార్చాడు. కొత్తపేటలో కన్నదురు ఆగిపోయింది. కలిసి ఉంటే ఇద్దరికీ ఇబ్బంది, విడిపోతే ఇద్దరూ సుఖం. ఈ వాక్యం దగ్గర మీరు ఏమనుకుంటున్నారో నాకు తెలుసు. నేను కరెంటు గురించే రాస్తున్నాను.

అక్క బావగారి భార్యకని జరీ బ్లౌజు కుట్టి నాతో పంపింది. "కొలతలు లేవు, అందాజుగ కుట్టిన. సరిపోకుంటే నా కాడికి పంపుమను, నేనే చేసిస్త." సరిపోయిందట.

ఆ సాయంత్రం ఇద్దరం బల్బు కింద కూర్చున్నాం. అది అదరడం లేదు. సైకిళ్లు లేవు, బస్సులు లేవు, మంచాలు లేవు. మాట్లాడుకోవడానికి ఏమీ లేదు. అప్పుడు చూశాను, ఆయన వేళ్లు ఆగిపోయి ఉన్నాయి. స్విచ్ బోర్డు మీద చెయ్యి ఉంది, వేళ్లు కదలడం లేదు.

"బదిలీ నేనే అడిగాను బావా," అన్నాడు.

"ఎందుకు? అంత అయిపోయింది గద! అక్క బ్లౌజు గూడ కుట్టిచ్చె!"

"మంచావిడే. అందరూ మంచివాళ్లే. కానీ నేను దొంగను కాదని ఇన్నేళ్ల తర్వాత ఒక బల్బు చెప్పాల్సి వచ్చింది. ఈసారికి అది చెప్పింది. రేపు ఇంకేదైనా అదిరితే? ప్రతిసారీ నువ్వు నన్ను చౌరస్తాలోంచి పట్టుకురావాలా?"

పట్టుకురావడం అనే మాటను ఆయన మెల్లగా అన్నాడు. అంతలో షిఫ్టు మారింది.

ఇంటి గేటుకు టూలెట్ బోర్డు కట్టాడు. సామాను లారీలో ముందే పోయింది. ఎల్‌బీ నగర్‌లో, ఇప్పుడు మెట్రో మెట్లు దిగే చోటుకు దగ్గర్లోనే, విజయవాడ బస్సు కోసం నిలబడ్డాం. బస్సొచ్చింది. ఫుట్‌బోర్డు ఎక్కి వెనక్కి తిరిగాడు.

"బల్బు అదిరితే ఫోను చెయ్యి బావా. ఏం పడిందో అక్కణ్ణుంచే చెబుతాను."

అప్పట్నుంచి నేను ఫోను చేస్తూనే ఉన్నాను. వానలకు తీగలు ఊగి లైటు అదిరినప్పుడల్లా చేస్తాను. ఆయన అటు నుంచి "ఎలా అదిరింది, చెప్పు" అంటాడు. నేను ఫోను పక్కన బల్ల మీద దరువేసి వినిపిస్తాను. "గేదెల కొట్టం రేకులు బావా," అంటాడు. నవ్వుకుంటాం.

ఇక్కడ ఆపేస్తే బాగుండేది. కానీ ఎర్తింగ్ రాడ్డు మీద చెయ్యి వేశాను.

సైకిళ్లు నిజం. ఎర్ర బస్సు నిజం. చప్పట్లు కలవడం నిజం, కావాలంటే అక్కను అడగండి, ఇప్పుడు కళ్లజోడు మార్చింది గానీ సూది వదల్లేదు. నేను కల్పించింది చివరి ముక్కే. ఫుట్‌బోర్డు మీద ఆయన ఫోను చెయ్యమనలేదు. బావా అని కూడా అనలేదు. వెనక్కి తిరిగి, ఆఫీసులో కొత్తవాళ్లతో మాట్లాడే గొంతుతో, "ఉంటానండీ," అన్నాడు. అంతే. బస్సు కదిలింది.

నేను ఒక్కసారి కూడా ఫోను చెయ్యలేదు. నంబరుంది. చెయ్యడానికి సాకు లేదు. ఫర్నేసు ఎక్కడికో దూరంగా సొంత లైను వేసుకుని పోయింది. కొత్తపేటలో వెలుతురు రాయిలా నిలబడి ఉంటుంది. ఆ పని మేమే చేశాం, బాగా చేశాం.

మొన్న సాయంత్రం మా ఇంటి వరండాలో పాత గుండు బల్బు ఒకటి పెట్టి, హోల్డరులో కొంచెం వదులు చేసి చూశాను. అదిరింది. కానీ అది ఉత్త అదురు. అందులో సైకిలు లేదు, బస్సు లేదు, ఒక్క మేకు కూడా లేదు. ఫోనులో దరువేసి వినిపిస్తే ఆయన వెంటనే పట్టేస్తాడు, "హోల్డరు వదులు చేశావు కదూ" అని.

పట్టేస్తే పట్టేయనీ. ఆ మాట చివర బావా అంటే చాలు.